అప్‌డేట్: స్టీల్, రాబ్ తేడా పిల్లలకి పట్టుబడింది

ఇంగ్లీషులో రెండిటికీ దొంగతనమే అర్థమైనప్పుడు స్టీల్‌కీ (steal) రాబ్‌కీ (rob) తేడా ట్యూషన్ పిల్లలకి ఎలా చెప్పాలని మొన్న అడిగాను. "అర్థం పక్కన పెట్టి, ఆ మాట తర్వాత ఏమొస్తుందో చూపించండి" అన్న మాస్టారికి దండాలు. అదే పనిచేసింది.

మా పర్లాకిమిడి పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. మూడో భాషని అర్థాల బట్టీతో ఎక్కించడం వాళ్ళకి అన్యాయం అనిపిస్తుంది నాకు. ఇప్పుడు స్టీల్ తర్వాత పోయిన వస్తువు, సైకిలో డబ్బో, రాస్తున్నారు. రాబ్ తర్వాత దోపిడీకి గురైన మనిషి, లేదా బ్యాంకు. ఇదే దారిలో సే, టెల్ కూడా తేలాయి: టెల్ వెంటనే వినేవాళ్ళు వస్తారు, సే అయితే మధ్యలో టు కావాలి. అబద్ధం, కథ మాత్రం టెల్‌కి నేరుగా అతుకుతాయి. ఇది విడిగా చెప్పాలి, లేకపోతే తికమక.

మీరు చెప్పిన ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువూ కొన్నాను. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన హార్న్‌బీ 1942లో అక్కడే అచ్చువేయించిన నిఘంటువు దీనికి మూలమట. పరాయి భాషగా నేర్చుకునేవాళ్ళ ఇబ్బంది తెలిసిన మనిషి!

హిస్టారిక్, హిస్టారికల్ మాత్రం అర్థంతోనే చెప్పాను: మొదటిది చరిత్రలో నిలిచిపోయేంత ముఖ్యమైనది, రెండోది గతానికి సంబంధించినది. 1936లో ఒడిశా ఏర్పడటం హిస్టారిక్, ఆనాటి పటం హిస్టారికల్.