90 దాటగానే స్టీరింగ్ వణుకుతోంది, బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు

నాది ఏడేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో నడిపితే ఏ ఇబ్బందీ లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే ఎక్కి 90 దాటితే చాలు, స్టీరింగ్ సన్నగా వణకడం మొదలవుతుంది. 100 దగ్గర బాగా ఎక్కువ, 115 దాటితే కొంచెం తగ్గుతుంది. బ్రేక్ వేసినప్పుడు వణుకు పెరగదు కాబట్టి డిస్క్‌లు వంగాయని అనుకోవడం లేదు. బండి ఒక పక్కకి లాగడం కూడా లేదు.

నెల కిందట చౌటుప్పల్ దాటాక ఒక గుంతలో ఎడమ ముందు చక్రం గట్టిగా పడింది. అప్పటి నుంచే ఇది. నాలుగు చక్రాలకీ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం), అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాను, మార్పు లేదు. తర్వాత ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాను. ఇప్పుడు స్టీరింగ్ చాలావరకు కుదుటపడింది కానీ సీటు కింద అదురు తెలుస్తోంది. అంటే లోపం ఆ చక్రంతో పాటే వెనక్కి వెళ్లిందనే కదా?

నా అనుమానం రిమ్ వంగిందని. షాపతను మాత్రం సస్పెన్షన్ బుష్‌లు (కీళ్ల దగ్గరుండే రబ్బరు ముక్కలు), టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కీళ్లు) మార్చేయమంటున్నాడు. అవి అరిగితే గతుకుల్లో టకటకమని చప్పుడు రావాలి కదా, నాకైతే ఏమీ వినపడటం లేదు.

రిమ్ వంగిందా, టైరు లోపలి బెల్ట్ (ఉక్కు తీగల పొర) జరిగిందా అన్నది ఎలా తేల్చుకోవాలి? చక్రాన్ని మెషీన్ మీద తిప్పి చూస్తే కంటికి తెలుస్తుందా? వంగిన అల్లాయ్ రిమ్‌ని సరిచేయించి హైవే మీద నమ్మొచ్చా, కొత్తది కొనాల్సిందేనా? వచ్చే వారం అమ్మానాన్నలని తీసుకుని గుంటూరు వెళ్లాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది ఎదురైనవాళ్లు దయచేసి చెప్పండి.