లారీ మీదే పిటిషన్ వేశారు, బైక్ వాళ్లను ఇప్పుడు ఇంప్లీడ్ చేయాలా (పార్టీలుగా చేర్చాలా)?

కొత్త_జూనియర్
ఒక ఎం.వి.ఓ.పి.లో (ట్రైబ్యునల్ ముందు వేసే వాహన ప్రమాద పరిహారం పిటిషన్) ఫ్యాక్ట్స్ ఇవి. భర్త బైక్ నడుపుతున్నాడు, భార్య వెనక కూర్చుంది. మలుపులో లారీ, బైక్ గుద్దుకున్నాయి. ఇద్దరికీ దెబ్బలు, ఇద్దరివీ వేర్వేరు పిటిషన్లు, అడ్వొకేటు ఒక్కరే. భార్య పిటిషన్‌లో లారీ డ్రైవరు, ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రమే రెస్పాండెంట్లు. బైక్ ఓనరు (భర్తే), బైక్ బీమా కంపెనీ లేకుండా పిటిషన్ నిలవదని లారీ బీమా కంపెనీ కౌంటర్ (జవాబు) వేసింది. ప్రమాదం జరిగి తొమ్మిది నెలలైంది. పీ.డబ్ల్యూ.1 (పిటిషనర్ వైపు మొదటి సాక్షి) చీఫ్ అఫిడవిట్ (ప్రధాన వాంగ్మూలం) వేశారు, క్రాస్ (ఎదుటి పక్షం ప్రశ్నించడం) ఇంకా కాలేదు. ఇంప్లీడ్ పిటిషన్ వేయాలా, వదిలేయాలా?

బాధితుల_వైపు
వదిలేయండి. వెనక కూర్చున్న మనిషికి ఏ తప్పూ అంటగట్టలేరు కాబట్టి ఇది కాంపోజిట్ నెగ్లిజెన్స్ (బాధితుడి తప్పు లేకుండా ఇతరుల నిర్లక్ష్యాలు కలవడం). ఖెన్యేయి కేసులో (2015) సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఇద్దరి నిర్లక్ష్యం కలిసినప్పుడు బాధితుడు ఇద్దరి మీదా వెళ్లొచ్చు, ఏ ఒక్కరి మీదైనా వెళ్లొచ్చు, మొత్తం పరిహారం ఆ ఒక్కరి దగ్గరే రాబట్టుకోవచ్చు. రెండో వాళ్ల వాటా కావాలంటే లారీ కంపెనీ తర్వాత వేరే ప్రొసీడింగ్స్ వేసుకుంటుంది. వాళ్ల లెక్క తేల్చడానికి మన పిటిషన్‌ను ఏడాది వెనక్కి నెట్టుకోవడం ఎందుకు?

కంపెనీ_కౌంటర్
తీర్పు నిజమే, అన్వయం సగమే. లారీది ఎంతో కొంత తప్పు ఉందని తేలితేనే ఖెన్యేయి పనికొస్తుంది. లారీది 10 శాతం తప్పున్నా పూర్తి డబ్బు వస్తుంది. సున్నా అని తేలితే? మిగతా రెస్పాండెంటే లేడు, పిటిషన్ కొట్టేస్తారు. అప్పుడు బైక్ కంపెనీ మీద కొత్తగా వెళ్దామంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3)లోని ఆరు నెలల గడువు ఎదురొస్తుంది. అందుకే బైక్ వాళ్లు లేకుండా పిటిషన్ నిలవదని కౌంటర్‌లో రాస్తాం.

బాధితుల_వైపు
ఆరు నెలల గడువును బూచిగా చూపించొద్దు సార్. 1994లో తీసేసిన గడువును 2019 సవరణతో మళ్లీ తెచ్చి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. దాని చెల్లుబాటు మీద సవాలు సుప్రీంకోర్టులో నడుస్తోంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. పైగా ఆ సెక్షన్ మాట్లాడేది అప్లికేషన్ దాఖలు గురించి. గడువులో వేసిన అప్లికేషన్‌లో రెస్పాండెంట్‌ను చేర్చడానికి అది అడ్డమని ఎక్కడుంది?

కంపెనీ_కౌంటర్
లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 21 చూడండి. కొత్తగా చేర్చినవారి విషయంలో దావా వాళ్లను చేర్చిన రోజే వేసినట్టు లెక్క. క్లెయిమ్ పిటిషన్ దావా కాదని మీరంటారు, సూత్రం అదేనని మేమంటాం. మధ్యంతర ఉత్తర్వు ఎప్పటికీ ఉంటుందని నమ్మి కూర్చోవడం మీ ఇష్టం.

రికార్డు_చూసి_మాట్లాడండి
ఇద్దరూ సెక్షన్లు విసురుకుంటున్నారు, అసలు జవాబు పోలీసు రికార్డులో ఉంది. చార్జిషీట్ ఎవరి మీద? లారీ డ్రైవరు మీదైతే సున్నా అయ్యే భయం తక్కువ. భర్త మీదైనా, కేసు క్లోజ్ అయినా భయం నిజమే. తర్వాత సీన్ రఫ్ స్కెచ్: గుద్దుకున్న చోటు రోడ్డుకి ఏ పక్కన ఉంది? ఎం.వి.ఐ. (మోటారు వాహన ఇన్‌స్పెక్టరు) రిపోర్టు: లారీకి ముందు బంపర్ నొక్కుకుందా, వెనక టైరు దగ్గర గీతలా? వెనక పక్కన దెబ్బ ఉంటే బైకే వెళ్లి తగిలిందని వాదిస్తారు. ఈ మూడూ చదవకుండా ఇంప్లీడ్ గురించి అభిప్రాయం చెప్పడం దండగ.

ఇంకోటి, బైక్ పాలసీ తెప్పించండి. ఉత్త యాక్ట్ పాలసీ (చట్టం తప్పనిసరి చేసిన కనీస బీమా) అయితే వెనక కూర్చున్న మనిషికి కవర్ లేదని తిలక్ సింగ్ కేసు (2006) ఉంది. అప్పుడు ఆ కంపెనీని చేర్చినా చివరికి మిగిలేది భర్త సొంత జేబే. భార్య పిటిషన్‌లో భర్త మీద అవార్డు (పరిహారం కట్టమన్న తీర్పు), ఏం లాభం? ప్యాకేజీ పాలసీ (అంతకంటే విస్తృతమైన కవర్ ఉన్నది) అయితే లెక్క వేరు, చేర్చడానికి అర్థం ఉంది.

కొత్త_జూనియర్
చార్జిషీట్ లారీ డ్రైవరు మీదే. కానీ స్కెచ్‌లో స్పాట్ దాదాపు రోడ్డు మధ్యలో. బైక్‌ది ప్యాకేజీ పాలసీ.

రికార్డు_చూసి_మాట్లాడండి
అయితే వేయండి. సి.పి.సి. (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 1 రూల్ 10(2) కింద ఏ దశలోనైనా చేర్చొచ్చు. ఆర్డర్ 6 రూల్ 17 ప్రొవైజో (ట్రయల్ మొదలయ్యాక పిటిషన్ సవరణకు పెట్టిన షరతు) వేరే సంగతి. విద్యాబాయి కేసు (2009) ప్రకారం చీఫ్ అఫిడవిట్ వేయగానే ట్రయల్ మొదలైనట్టే, తగిన శ్రద్ధ పెట్టినా ముందే తేలేకపోయామని చూపించాలి. ఇంప్లీడ్‌తో పాటు వచ్చే మార్పులు రూల్ 10(4) కిందికి వస్తాయి. కాబట్టి ఐ.ఏ.ను (కేసు మధ్యలో వేసే దరఖాస్తును) ఇంప్లీడ్‌గానే వేయండి, ఉత్త అమెండ్‌మెంట్‌గా వేయొద్దు.

బాధితుల_వైపు
ఇక్కడే గొయ్యి ఉంది, చూసుకోండి. భార్య పిటిషన్‌లో "ఇద్దరు డ్రైవర్ల నిర్లక్ష్యం వల్ల" అని రాశారా, ఆ వాక్యాన్నే భర్త పిటిషన్‌లో కంపెనీ ఎగ్జిబిట్‌గా పెడుతుంది. భార్యకు అది కాంపోజిట్, భర్తకు కాంట్రిబ్యూటరీ (బాధితుడి సొంత తప్పూ కలిసిన నిర్లక్ష్యం). ట్రైబ్యునల్ అతనిది 40 శాతం తప్పంటే అతని పరిహారంలో 40 శాతం కోత. రెండు పిటిషన్లూ కలిపి విచారిస్తే ఇంకా తేలిక వాళ్లకు.

రికార్డు_చూసి_మాట్లాడండి
దానికే ఆర్డర్ 1 రూల్ 7 ఉంది. ఎవరి నుంచి రావాలో సందేహం ఉంటే ఇద్దరినీ చేర్చొచ్చు. ఇలా రాయండి (4, 5 అంటే భర్త, బైక్ బీమా కంపెనీ): "లారీ డ్రైవరు నిర్లక్ష్యం వల్లే ప్రమాదం జరిగింది. బైక్ పక్షానా తప్పు ఉందని ట్రైబ్యునల్ భావించిన పక్షంలో 4, 5 రెస్పాండెంట్లు కూడా బాధ్యులు." తప్పు ఒప్పుకోలు ఎక్కడా ఉండకూడదు. ఇక భార్య పిటిషన్‌లో భర్త రెస్పాండెంట్ అవుతాడు కాబట్టి ఒకే అడ్వొకేటు ఇద్దరి వకాల్తా ఉంచుకోకూడదు. దీన్ని పట్టించుకోకపోతే క్రాస్‌లో కుమ్మక్కు అని మొదటి ప్రశ్నే వస్తుంది.

కంపెనీ_కౌంటర్
వస్తుంది. ఆ కుమ్మక్కునే చూపించి బైక్ బీమా కంపెనీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 170 పిటిషన్ వేసి ఓనరు డిఫెన్సులన్నీ తీసుకుంటుంది. అది కూడా లెక్కలో పెట్టుకోండి.

కొత్త_జూనియర్
క్లెయిమ్ మొత్తం కూడా పెంచాలి, డిసెబిలిటీ సర్టిఫికెట్ ఇప్పుడే వచ్చింది. అదే ఐ.ఏ.లో కలపొచ్చా?

బాధితుల_వైపు
మొత్తానికి సవరణ తప్పనిసరి కాదు. అడిగినదాని కంటే ఎక్కువ ఇవ్వొచ్చని నాగప్ప కేసు (2003) చెప్పింది, తక్కువ పడ్డ కోర్టు ఫీజు కట్టమంటారు, అంతే. కానీ డిసెబిలిటీ గురించి ఒక్క ముక్క ప్లీడింగ్‌లో (పిటిషన్‌ రాతలో) లేకుండా డాక్టర్ని సాక్షిగా పిలిస్తే అభ్యంతరం పెడతారు. ఫ్యాక్ట్ కోసం సవరణ వేయండి, వేరే ఐ.ఏ.గా. ఒకటి తేలడం ఆలస్యమైతే రెండోది ఆగకూడదు.

రికార్డు_చూసి_మాట్లాడండి
ఐ.ఏ. అలౌ అయ్యాక ఆర్డర్‌లో గడువు ఉంటే ఆ లోపు, లేకపోతే 14 రోజుల్లో సవరణ చేసి నీట్ కాపీ వేయాలి. దాటితే కోర్టు గడువు పెంచితే తప్ప ఆ అనుమతి పోయినట్టే (ఆర్డర్ 6 రూల్ 18). కొత్త రెస్పాండెంట్లకు ప్రాసెస్ ఫీజు, పిటిషన్‌తో పాటు డాక్యుమెంట్ల కాపీలు కూడా పెట్టండి, నోటీసు రిటర్న్ అయ్యేది ఎక్కువగా అక్కడే. వాళ్లు కౌంటర్ వేశాక పీ.డబ్ల్యూ.1ని క్రాస్‌కి మీరే హాజరుపెట్టండి. లేకపోతే వాళ్లు లేనప్పుడు వేసిన చీఫ్ తమ మీద సాక్ష్యం కాదని అప్పీల్లో అంటారు.