వేడినీటి బుగ్గల మధ్య బైసన్ (అమెరికా అడవిదున్న) ఎదురైతే ఎటు తప్పుకోవాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి, హైదరాబాద్)
ఆగస్టు మొదటి వారంలో అమ్మానాన్నలతో కలిసి అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కుకు వెళ్తున్నాను. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే, నీటిని పైకి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ పరిసరాల్లోని బుగ్గల మధ్య బోర్డ్‌వాక్ అనే చెక్కబాట మీదే నడవాలనీ, కిందికి దిగరాదనీ నిబంధన ఉంది. బైసన్‌కు 25 గజాల దూరంలో ఉండాలన్నది మరో నిబంధన. బైసన్ ఆ బాట మీదికే వస్తే ఈ రెండూ ఎలా పాటించాలి? మోకాళ్ల నొప్పుల వల్ల నాన్నగారు వేగంగా నడవలేరు.

జవాబు 1
వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం తప్ప మార్గం లేదండీ. బుగ్గల పక్కన గట్టి నేలలా కనిపించే తెల్లటి పెచ్చు చాలాచోట్ల పలుచగా ఉంటుంది. దాని కిందే సలసల కాగే నీరు ఉంటుంది. ఆ పార్కు సముద్రమట్టానికి బాగా ఎత్తున ఉన్నందున అక్కడ నీరు సుమారు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. ఆ పార్కులో వేడినీటిలో కాలి 20 మందికి పైగా చనిపోయారు. నాన్నగారు నెమ్మదిగా నడుస్తారు కాబట్టి, జంతువు దూరాన కనిపించగానే వెనుదిరగండి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దాదాపు గంటన్నరకొకసారి ఎగజిమ్ముతుంది గనుక తొందరపడవలసిన పని లేదు.

జవాబు 2
మీరు వెళ్లేది సరిగ్గా బైసన్లు జతకట్టే కాలం. అప్పుడు మగవి గర్జిస్తూ, దుమ్ములో పొర్లుతూ, చిరాకుగా ఉంటాయి. తోక నిటారుగా లేచిందంటే అది మీదికి వచ్చే సూచన కావచ్చు. దాదాపు 900 కిలోలు తూగే మగ బైసన్ గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. మన గల్లీల్లో గేదెల వీపు తట్టి పక్కనుంచి దూరిపోయే అలవాటు అక్కడ అసలు పనికిరాదు. ఎల్లోస్టోన్‌లో మనుషులను అన్నిటికంటే ఎక్కువగా గాయపరిచింది ఎలుగుబంట్లు కావు, బైసన్లే; ఫోటో కోసం దగ్గరికి వెళ్లి దెబ్బతిన్నవారు వారిలో చాలామంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. ఎలుగుబంట్ల కోసం బేర్ స్ప్రే ఇక్కడి నుంచే తీసుకెళ్లవచ్చా?

జవాబు 1
వద్దండీ. విమానంలో దానిని చేతిసంచిలోనే కాదు, చెక్-ఇన్ సామానులోనూ అనుమతించరు; అక్కడికి చేరాక కొనుక్కోండి. ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ పాటించవలసిన దూరం 100 గజాలు. ఇంకొక మాట, ఆ స్ప్రేను దోమల మందులా ఒంటికి కొట్టుకోకూడదని పెద్దవారికి ముందే చెప్పండి. అందులో ఉండేది మిరపకాయల ఘాటు, దానిని మీదికి వచ్చే జంతువు ముఖం వైపు చిమ్మాలి.