సస్టైనబుల్ బిజినెస్ పీజీలో అసలు ఏం నేర్పుతారు?

చివరి_బెంచ్:
అందరికీ నమస్తే, నాది డిగ్రీ కామర్స్, లాస్ట్ ఇయర్. సస్టైనబుల్ బిజినెస్‌లో పీజీకి అప్లై చేద్దామని ఉంది కానీ సిలబస్ చూస్తే ఎథిక్స్, స్ట్రాటజీ, లీడర్‌షిప్ ఇవే కనపడుతున్నాయి, రెండేళ్లు చదివి మొక్కలు నాటే ఫోటోలతో కంపెనీ రిపోర్ట్ చేయడానికా ఇంత ఫీజు అని ఇంట్లో అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు. పైగా సైన్స్ టెన్త్‌తోనే వదిలేశా, నెట్టుకురాగలనా?

ఎక్సెల్_కూలీ:
ఫోటోలు వేరేవాళ్లు చూసుకుంటారు తమ్ముడూ (చెల్లెలివైతే సారీ), మా కంపెనీ కార్బన్ లెక్కలు కట్టడమే నా పని, రోజులో సగం కరెంటు బిల్లులు, డీజిల్ బిల్లులు అడుక్కోవడంతోనే పోద్ది. జాబ్‌లో మొదటి వారం జనరేటర్ల డీజిల్ షీట్ ఇచ్చారు, ఒక బ్రాంచి వాళ్లు లీటర్లు రాశారు, ఇంకో బ్రాంచి వాళ్లు అదే కాలమ్‌లో డబ్బులు రాశారు, నేను చూస్కోకుండా మొత్తం కూడేశా 😅

లీటరు డీజిల్ కాలిస్తే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు బరువే కిలో ఉండదు, మరి అంతెలా అంటే 12 గ్రాముల కార్బన్ గాల్లో ఆక్సిజన్ కలుపుకుని 44 గ్రాములవుతుంది, అంతే. ఇంతకు మించి కెమిస్ట్రీ నాకైతే తగల్లేదు. మిగతాదంతా మీ కామర్స్ వాళ్ల పనే. కంపెనీలు తమ గ్రీన్‌హౌస్ వాయువుల్ని లెక్కగట్టే పద్ధతి ఒకటుంది, 2001లో వచ్చిన జీహెచ్‌జీ ప్రోటోకాల్ అని, దాని ప్రకారం మనం కాల్చింది స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2, సప్లయర్ల నుంచి కస్టమర్ వాడి పారేసేదాకా మిగతాదంతా స్కోప్ 3. తలనొప్పంతా ఆ మూడోదే, చాలా కంపెనీలకి పెద్ద వాటా అక్కడే ఉంటుంది, బిల్లు మాత్రం మన చేతిలో ఉండదు.

రెండో_సెమ్:
నేను ఇప్పుడు ఇదే కోర్సులో ఉన్నా. పేపర్ కప్పా, స్టీల్ గ్లాసా అని లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ (వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణానికి ఎంత భారమో లెక్క) ప్రాజెక్ట్ ఇచ్చారు, స్టీలే గెలుస్తుందని ముందే కంక్లూజన్ రాసేసుకున్నాం. మేడమ్ ఒక్కటే అడిగారు, గ్లాసు ఎన్నిసార్లు వాడతారు, వేడినీళ్లతో కడుగుతారా చన్నీళ్లతోనా అని. పదిసార్లు వాడి పడేస్తే అని వేసి చూస్తే మా లెక్క తిరగబడింది, ఆ రాత్రి నిద్ర లేదు. ఎథిక్స్ క్లాసుల్లో మాత్రం నిజంగానే నిద్రొస్తుంది, దాచేదేముంది.

మొహమాటం_లేదు:
మొదటి క్లాసులోనే ట్రిపుల్ బాటమ్ లైన్ (లాభం ఒక్కటే కాదు, మనుషులు, భూమి కూడా లెక్కలోకి రావాలని) అంటారు చూడు, ఆ మాట 1994లో పుట్టించిన జాన్ ఎల్కింగ్టనే 2018లో దాన్ని వెనక్కి తీసుకుంటున్నా అని రాశాడు, క్యాపిటలిజం గురించే మళ్లీ ఆలోచించమంటే దాన్ని ఒట్టి లెక్కల పద్ధతి చేసేశారని ఆయన బాధ. ఈ రెండో సగం కూడా చెప్పే కాలేజీ అయితే చేరు. 2023 జూన్‌లో ఐఎఫ్ఆర్ఎస్ ఎస్1, ఎస్2 (కంపెనీలు సస్టైనబిలిటీ, వాతావరణ రిస్కుల గురించి ఏం రిపోర్ట్ చేయాలో చెప్పే అంతర్జాతీయ స్టాండర్డ్‌లు) వచ్చాయి కదా, అవి సిలబస్‌లో లేకపోతే ఎందుకు లేవని అడుగు.

చివరి_బెంచ్:
థాంక్యూ అందరికీ, తమ్ముడే అన్నా 🙂 డీజిల్ లెక్క నాన్నకి చెప్తే నమ్మలేదు, కాలిక్యులేటర్ తీసి కూర్చున్నారు. ఇంతకీ ఆ షీట్ తప్పని ఎలా తెలిసింది?

ఎక్సెల్_కూలీ:
ఆ బ్రాంచి ఎలక్ట్రీషియన్ చూసి నవ్వాడు. రోజంతా ఆపకుండా తిప్పినా మా జనరేటర్ అంత తాగదు సార్ అన్నాడు.