వెల్స్ ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ని తెలుగులో కామిక్ సిరీస్‌గా వేస్తున్నాం, కథకుడి మాటలు ఎంతవరకు ఉంచాలి?

సిరాబుడ్డి:

అందరికీ నమస్తే. హెచ్.జి.వెల్స్ నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ని నేనూ మా చెల్లీ కలిసి తెలుగులో కామిక్ సిరీస్‌గా వేద్దామని మొదలుపెట్టాం. స్క్రిప్టు నాది, బొమ్మలు తనవి. ఒక్కోటి 24 పేజీల చొప్పున ఆరు సంచికలు అనుకున్నాం. మొదటి సంచికకి కొన్ని పేజీలు రఫ్‌గా వేసుకున్నాక అసలు చిక్కు అర్థమైంది. నవల దాదాపు మొత్తం ‘నేను’ అంటూ ఒక మనిషి చెప్పుకుంటూ పోయేదే, ఆయనకి పేరు కూడా ఉండదు, కళ్లతో చూసిందీ తర్వాత ఎవరో చెబితే తెలిసిందీ అన్నీ కలిపి చెప్తాడు. ఆ గొంతు నాకు ప్రాణం. అందుకని ప్రతి ప్యానెల్ (బొమ్మ గడి) మీదా కథకుడి మాటలతో ఒక క్యాప్షన్ పెట్టుకుంటూ పోతే పేజీలో సగం అక్షరాలే ఉన్నాయి, చెల్లేమో “అన్నయ్యా, బొమ్మలు ఎవరికి కనపడతాయి ఇలా అయితే” అంటోంది.

ఇంకో రెండు అనుమానాలు కూడా ఉన్నాయి. అంగారకుడి నుంచి ఇంగ్లండ్ మీదికి దండెత్తి వచ్చే మార్షియన్ల ఆయుధమైన వేడి కిరణం నవల ప్రకారం కంటికి కనపడదు, మరి కనపడనిదాన్ని కామిక్‌లో ఎలా వెయ్యాలి? తెలిసినవాళ్లు కొందరేమో ఇంగ్లండ్ ఊళ్లెందుకు, కథని గోదావరి జిల్లాకి తెచ్చెయ్యండి, మనవాళ్లకి దగ్గరవుతుంది అంటున్నారు. నా మనసు ఒప్పుకోవట్లేదు కానీ ఎందుకో సరిగ్గా చెప్పలేకపోతున్నా. హక్కుల సంగతి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

కుంచె_కాగితం:

మంచి పని మొదలుపెట్టారు, ముందు ఆ మాట చెప్పాలి. క్యాప్షన్ల విషయంలో మీ చెల్లెలిదే రైటు. ఈ నవలలో కథకుడు జరిగిన ఆరేళ్ల తర్వాత గుర్తు చేసుకుంటూ రాస్తున్నాడు, మొదటి అధ్యాయంలోనే ఆ మాట అంటాడు చూడండి. అంటే మీ చేతిలో రెండు కాలాలున్నాయి. బొమ్మ ఆ రోజు జరుగుతున్నది, క్యాప్షన్ ఆరేళ్ల తర్వాత మాట్లాడుతున్న గొంతు. రెండూ ఒకే సంగతి చెప్తుంటే క్యాప్షన్ కొట్టెయ్యండి, ఎంత అందమైన వాక్యమైనా సరే. అప్పటికి ఆయనకి తెలియనిది, తర్వాత తెలిసింది, ఇప్పటికీ మనసుని తొలిచేది, ఇవి మాత్రం ఉంచండి. ఉదాహరణకి మార్షియన్లు దిగిన గుంట చుట్టూ మూగిన జనం నవ్వుతూ కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు, వాళ్లలో కొందరు ఆ రాత్రి తెల్లారేలోపే ఉండరని కథకుడికి ఇప్పుడు తెలుసు. అక్కడ ఒక్క చిన్న క్యాప్షన్ చాలు, కడుపులో తిప్పేస్తుంది.

కొన్ని చోట్లయితే మాటే వద్దు. పదో అధ్యాయం మళ్లీ చదవండి. భార్యని లెదర్‌హెడ్‌లో దించి రాత్రిపూట బండిలో తిరిగొస్తుంటే గాలివాన, మెరుపులు. మార్షియన్లు నడిపే ముక్కాలి యంత్రం మొదటిసారి కనపడేది ఆ మెరుపుల్లోనే. ఒక మెరుపులో రెండు కాళ్లు గాల్లో పెట్టి పక్కకి ఒరిగి ఉంటుంది, చీకటి, తర్వాతి మెరుపుకి వంద గజాలు దగ్గరికి వచ్చేసి ఉంటుంది. వెల్స్ అక్కడ ప్యానెళ్లు గీసి ఇచ్చినట్టే రాశాడు. మెరుపుకి ఒక ప్యానెల్, మధ్యలో పూర్తిగా నల్ల ప్యానెల్, నాలుగు పేజీలు ఒక్క అక్షరం లేకుండా పోనివ్వండి. అలాగే రెండో భాగంలో షీన్ దగ్గర కూలిన ఇంట్లో పాదరీతో కలిసి చిక్కుకుపోతాడు కదా, గోడ సందులోంచి మార్షియన్లని చూస్తుంటారు. ఆ సంచికలో బయటి దృశ్యాలన్నీ సన్నటి అడ్డ ప్యానెళ్లలోనే వెయ్యమనండి. చదివేవాడికి కూడా ఊపిరాడకూడదు.

వేడి కిరణానికి గీత గియ్యొద్దు. సినిమాల్లో రంగు కిరణాలు చూసి అలవాటైపోయాం కానీ నవలలో భయం వచ్చేది ఏమీ కనపడకపోవడం వల్లే. మార్షియన్లతో మాట కలపడానికి తెల్లజెండా పట్టుకుని ఓగిల్వీ, హెండర్సన్, స్టెంట్ అనే పాత్రలు, ఇంకొందరూ నడుచుకుంటూ వెళ్తారు, ఒక్కొక్క మనిషి ఉన్నట్టుండి మంటైపోతాడు, తర్వాత పొదలు, తర్వాత దూరాన చెట్లు. అంటుకునే క్రమం వేస్తే కిరణం ఎటు తిరుగుతోందో చదివేవాళ్లే గీసుకుంటారు.

యంత్రం డిజైన్ విషయంలో ఒక్కటి. 1897లో ఈ కథ పియర్సన్స్ మ్యాగజైన్‌లో ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా వార్విక్ గోబుల్ అనే చిత్రకారుడి బొమ్మలతో సీరియల్‌గా వచ్చింది. మరుసటి ఏడు వచ్చిన పుస్తకంలో కథకుడు, యుద్ధం గురించి వచ్చిన ఒక కరపత్రంలోని బొమ్మ మీద మండిపడతాడు, యంత్రాల్ని బిగుసుకుపోయిన కర్రకాళ్లలాగా వేశాడని. అది గోబుల్ మీద విసురేనని చాలామంది అంటారు. వెల్స్‌కి కావల్సింది ప్రాణమున్న జంతువులా కదిలే యంత్రం. బ్రెజిల్‌లో పుట్టి బెల్జియంలో బతికిన ఆల్విమ్ కొర్రేయా 1906 నాటి ఫ్రెంచి ప్రతికి వేసిన బొమ్మలు చూడమనండి మీ చెల్లిని, అచ్చేసింది 500 కాపీలే అయినా ఇప్పుడు నెట్‌లో దొరుకుతాయి. ఆ యంత్రాలకి చూపుంది.

కోనసీమ_కుర్రాడు:

గోదావరి జిల్లాకి తేవడంలో తప్పేముంది? 1938లో ఆర్సన్ వెల్స్ (ఈ నవల రాసిన వెల్స్ కాదు) రేడియో నాటకంలో ఈ కథని న్యూజెర్సీకి మార్చారు, 1953 సినిమాలో కాలిఫోర్నియాకి మార్చారు, రెండూ జనానికి గుర్తుండిపోయాయి. మార్షియన్లు మొదట దిగే హోర్సెల్ కామన్ అంటే మనకి ఏం తెలుస్తుంది? మా ఊరి కొబ్బరితోటల మీదుగా ఆ మూడుకాళ్లది నడిచొస్తే పదేళ్ల పిల్లాడు కూడా పుస్తకం కింద పెట్టడు. బ్రిటిష్ కాలం, కాటన్ ఆనకట్ట, లాంచీలు, అన్నీ కుదురుతాయి. నేనైతే అలాగే వేస్తా.

పాత_అట్ట:

కోనసీమ తమ్ముడూ, నువ్వు చెప్పినట్టు వేస్తే అది కూడా మంచి కామిక్ అవుతుంది, కాదనను. కానీ అది వేరే పుస్తకం అవుతుంది. ఎందుకో చెప్తాను, సిరాబుడ్డి గారి మనసు ఒప్పుకోకపోవడానికి కారణం కూడా ఇదేనని నా నమ్మకం.

మొదటి అధ్యాయంలోనే వెల్స్ ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మేనియా దీవిని గుర్తు చేస్తాడు. యూరప్ నుంచి వచ్చినవాళ్లు అక్కడి మనుషుల్ని యాభై ఏళ్లలో తుడిచిపెట్టేశారు, అలాంటి మనం మార్షియన్లు క్రూరులని ఎలా అనగలం అని అడుగుతాడు. పుస్తకాన్ని తన సొంత అన్నయ్య ఫ్రాంక్ వెల్స్‌కి అంకితమిస్తూ ఆలోచన ఆయనదేనని రాశాడు. ఈ కథ ఇంగ్లండ్‌లో, సామ్రాజ్యం నడిబొడ్డుకి రైల్లో వెళ్లివచ్చేంత దూరంలో మొదలవడం ఊరికే కాదు. ఇంకొకరి నేల మీద తుపాకులతో దిగడమే తెలిసినవాళ్లకి, తమ పెరట్లోనే వాళ్ల తుపాకులు పనికిరాకుండా పోతే ఎలా ఉంటుందో చూపించాడు. లండన్ జనం మూటాముల్లె సర్దుకుని రోడ్లమీద తొక్కుకుంటూ పారిపోవడం ఒక ఇంగ్లీషు రచయిత ఇంగ్లీషువాళ్ల కోసం రాశాడు. దాన్ని గోదావరికి తెస్తే అప్పటికే దెబ్బతిన్నవాళ్ల మీద మళ్లీ దెబ్బ పడ్డట్టవుతుంది, అడిగిన ప్రశ్న మాయమైపోతుంది. న్యూజెర్సీ నాటకం నిలబడటానికి కారణం ఊరి పేరు మార్చడం కాదు, మామూలు కార్యక్రమం మధ్యలో వార్తలు చొరబడినట్టు నడిపించిన పద్ధతి.

తెలుగు పాఠకుడికి హోర్సెల్ కామన్ తెలియాల్సిన పని లేదు. మొదటి పేజీలో ఒక మ్యాపు వెయ్యండి, వోకింగ్, వేబ్రిడ్జ్, షీన్, లండన్, అంతే. టాస్మేనియా మాట మాత్రం క్యాప్షన్‌లో తప్పకుండా ఉంచండి. ఆ ఒక్క వాక్యం మన చేతిలో చదివితే ఇంకా బరువుగా ఉంటుంది.

అచ్చుపని:

హక్కుల గురించి. వెల్స్ 1946లో పోయాడు, మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, అంటే 2006తో అయిపోయింది. బ్రిటన్‌లో 70 ఏళ్లు కాబట్టి అక్కడ 2016తో తీరింది. నవల మీద మీకు స్వేచ్ఛే. అయితే సినిమాల్లోని యంత్రాల రూపం, ఈ కథ మీద వచ్చిన మ్యూజిక్ ఆల్బమ్ అట్ట మీది ముక్కాలి బొమ్మ, వేరేవాళ్ల కామిక్‌లోని పేజీ అమరిక, ఎవరో చేసిన తెలుగు అనువాదంలోని వాక్యాలు, వీటికి హక్కులు వేరేగా ఉంటాయి. ఇంగ్లీషు మూలం ముందు పెట్టుకుని తెలుగు మీరే రాసుకోండి.

ఇంకోటి, ఎవరూ ముందు చెప్పరు, చివర్లో టెన్షన్ పడతారు. ఇంగ్లీషు కామిక్‌లో అన్నీ పెద్దక్షరాలే కాబట్టి వరసల్ని దగ్గరదగ్గరగా పేర్చేస్తారు. మనకి పైన గుడులు, కింద వత్తులు, వరసల మధ్య చోటు వదలకపోతే ఒకదాన్నొకటి తగులుకుంటాయి. అందుకని అదే సైజు బెలూన్‌లో తెలుగు తక్కువ పడుతుంది. స్క్రిప్టు రాసేటప్పుడే ఒక బెలూన్‌కి మూడు వరసలు మించకూడదని పెట్టుకోండి, క్యాప్షన్ల సమస్య కూడా సగం తీరుతుంది. ఫాంటుకి మండలి, రామభద్ర లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఫొటోషాప్‌లో అక్షరాలు విడిపోతుంటే టెక్స్ట్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోండి.

సిరాబుడ్డి:

అందరికీ థాంక్స్. పాత_అట్ట గారూ, మీరు చెప్పింది సరిగ్గా నాకు మాట దొరకని చోటే. కథ అక్కడే ఉంటుంది, మ్యాపు వేస్తాం. మొదటి సంచిక తెల్లజెండా దగ్గర ఆపుతాం, రెండోది మెరుపుల రాత్రి మీద నడుస్తుంది. మిగిలిన తలనొప్పి తమ్ముడి భాగం. మొదటి భాగం చివర్లో మూడు అధ్యాయాలు కథకుడు పక్కకి తప్పుకుని, లండన్‌లో వైద్యం చదువుతున్న తన తమ్ముడి కథ చెప్తాడు. 1955లో, పేరున్న నవలల్ని కామిక్‌లుగా వేసే క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్ వాళ్లు నవల మొత్తాన్ని ఒకే సంచికలో కుదించారు, వాళ్ల దారి వేరు. మాకు చోటుంది కాబట్టి ఉంచొచ్చు, కానీ ఉన్నట్టుండి కొత్త మనిషి వస్తే చదివేవాళ్లు జారిపోతారేమో?

కుంచె_కాగితం:

దాన్ని తీసెయ్యొద్దు. థండర్ చైల్డ్ అనే యుద్ధనౌక వచ్చేది తమ్ముడి భాగంలోనే కదా. జనంతో నిండిన స్టీమర్లని కాపాడటానికి అది మార్షియన్ల మీదికి దూసుకెళ్లి, తను మండిపోతూ కూడా వాళ్ల రెండో యంత్రాన్ని గుద్దుతుంది. మొత్తం నవలలో మనుషులు ఎదురు నిలబడి మార్షియన్లని చంపిన దెబ్బ అంటే వేబ్రిడ్జ్ దగ్గర ఫిరంగి దెబ్బ ఒకటి, ఇక్కడ ఇంకొకటి. మొత్తం నాలుగో సంచిక తమ్ముడికిచ్చెయ్యండి, అన్న ముఖం ఒక్క ప్యానెల్‌లో కూడా వద్దు. క్యాప్షన్ల రంగు మాత్రం అన్నదే ఉంచండి, గొంతు అదేనని తెలుస్తుంది. తమ్ముడి ముఖం జారిపోకుండా మొదటి సంచికలో గోడమీద ఫొటోలోనో బల్లమీద ఉత్తరంలోనో ఒకసారి చూపించండి.

చివరి సంచిక గురించి మీరు అడగలేదు కానీ అక్కడ చాలామంది తడబడతారు. మార్షియన్లు సూక్ష్మజీవుల వల్ల చచ్చిపోవడం బొమ్మలో కనపడేది కాదు, క్యాప్షన్‌తో చెప్తే అప్పటికప్పుడు అతికించినట్టుంటుంది. వెల్స్ దానికి ముందే ఆధారం పెట్టాడు. వాళ్లతో వచ్చిన ఎర్ర మొక్క నీళ్ల పక్కన విపరీతంగా పెరిగి, తర్వాత తెగులొచ్చి తెల్లబడి పెళుసుగా విరిగిపోతుంది, అదీ బాక్టీరియా వల్లే. మీరు నలుపు తెలుపులో వేసి ఎరుపు ఒక్కటే రెండో రంగుగా పెట్టుకుంటే అచ్చుఖర్చు అదుపులో ఉంటుంది, ఆ ఎరుపుని ఐదో సంచికలో పేజీలంతా పాకనిచ్చి, ఆరో సంచిక మొదటి పేజీ నుంచే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి. లండన్‌లోని ప్రింరోజ్ హిల్ అనే గుట్ట మీద చచ్చిన మార్షియన్లు కనపడేసరికి కాగితం మీద ఎరుపు దాదాపు ఉండకూడదు.