రాన్సమ్‌వేర్ పడిన సిస్టం వెంటనే ఫార్మాట్ కొట్టాలా, క్లీన్ చేస్తే సరిపోతుందా?

కావలి స్టూడియో

అన్నలూ, కొంచెం అర్జెంటు. ఎడిటింగ్ సిస్టంకి రాన్సమ్‌వేర్, అదే ఫైళ్ళు లాక్ చేసి డబ్బులడిగే వైరస్, పడింది. మా దగ్గర పనిచేసే కుర్రోడు ఏదో ప్లగిన్ క్రాక్ దించి ఓపెన్ చేశాడంట, ఇంక చూసుకోండి, ఫొటోలు వీడియోలు ఆల్బం డిజైన్లు అన్నిటి పేర్ల చివర ఏవో నాలుగు అక్షరాలు తగులుకున్నాయి, ఏదీ తెరుచుకోవట్లా. ప్రతి ఫోల్డర్లో రీడ్‌మీ అని ఒక ఫైలు, 980 డాలర్లు కట్టండి, మూడు రోజుల్లోపైతే 490 చాలు అని. రెండు పెళ్ళిళ్ళ డేటా అందులోనే ఉండాది, ఆల్బమ్‌లు ఇంకా ఇవ్వలా. ఇక్కడ సర్వీస్ ఆయన ఫార్మాట్ తప్ప దారి లేదంటాడు, మా బావ యాంటీవైరస్ వేసి క్లీన్ చేస్తే చాలంటాడు. సిస్టం ఆఫ్ చేసి పెట్టినా. ఏం చేయమంటారు?

ఒంగోలు సర్వీస్

ఫార్మాటే తమ్ముడూ, ఇందులో ఆలోచించే పనే లేదు. క్లీన్ చేసినామని ఇచ్చిన సిస్టమ్స్ వారం తిరక్కుండా మళ్ళీ షాపుకొస్తాయి, అప్పుడు తిట్టేది మమ్మల్నే. సాలిటీ, రామ్నిట్ లాంటి వైరస్‌లు ఉండాయి చూడు, అవి ఒక చోట కూర్చోవు, ఉన్న ప్రతి ఈఎక్స్ఈ, అంటే ప్రోగ్రాం ఫైల్లోకీ దూరతాయి. సీ డ్రైవ్ ఒకటి ఫార్మాట్ చేసి డీ డ్రైవ్ అట్టే వదిలేస్తారు మనోళ్ళు, ఆ డీ డ్రైవ్‌లో పాత సెటప్ ఫైలు ఒకటి క్లిక్ చేస్తే కథ మళ్ళీ మొదలు. అందుకే మొత్తం డిస్క్ లేపేయాలి. పోయిన డేటా ఎట్టాగూ పోయింది.

ట్రంకురోడ్డు డీటీపీ

ఫార్మాట్ అనడం సులభం అన్నా. నా సిస్టంలో పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు, పాత ప్రింటర్ డ్రైవర్లు, అన్నీ విండోస్ 7 మీద సెట్ చేసుకున్నవి, ఇప్పుడు తీసేస్తే మళ్ళీ అదే మాదిరి కూర్చోవడానికి ఎన్ని రోజులు పడుతుందో. పెళ్ళి కార్డులోళ్ళు, స్కూలు క్వశ్చన్ పేపర్లోళ్ళు రోజూ పెన్‌డ్రైవ్‌లు తెస్తారు, రోజూ షార్ట్‌కట్ వైరస్ వస్తానే ఉంటది. అది ఫోల్డర్లని దాచేస్తదంతే, ఆట్రిబ్ కమాండ్ కొడితే అన్నీ బయటికొస్తాయి, ఒక స్కాన్ వేస్తే అయిపోయింది. ప్రతి దానికీ ఫార్మాట్ అంటే నెల్లూరులో డీటీపీ షాపులు మూసుకోవాల్సిందే.

వేదాయపాళెం వాసి

చెన్నైలో నాకు బ్యాకప్ సర్వర్ల పనే, రోజూ ఈ గొడవే చూస్తా కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

డీటీపీ అన్న చెప్పే షార్ట్‌కట్ వైరస్ వేరు, ఇది వేరు. అక్కడ ఫైళ్ళు దాక్కుంటాయి, ఇక్కడ ఫైలే మారిపోయింది. రాన్సమ్‌వేర్ ప్రోగ్రాంని తీసేయడం నిజానికి పెద్ద కష్టం కాదు, చాలా వాటిని విండోస్‌లోనే ఉండే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కూడా పట్టుకుంటది. కానీ దొంగని ఇంట్లోంచి గెంటేసినంత మాత్రాన వాడు బీరువాకి వేసిపోయిన తాళం ఊడిరాదు కదా. ఫార్మాట్ చేస్తే బీరువానే పారేసినట్టు. నాకు నిజంగా కోపమొచ్చేది ఇక్కడే, కస్టమర్ని ఒక్క మాట అడక్కుండా ఫార్మాట్ కొట్టేస్తారు, ఆ లాక్ అయిన ఫైళ్ళకి విలువ లేదనుకుంటారు. ఉంది. టెస్లాక్రిప్ట్ అనే రాన్సమ్‌వేర్ నడిపినోళ్ళే 2016 మేలో అన్ని తాళాలూ తెరిచే మాస్టర్ కీ బయటపెట్టారు. గ్యాండ్‌క్రాబ్ అనే ఇంకో రకానికి 2019లో ఫ్రీ టూల్ వచ్చింది. ఫోబోస్‌కి 2025 జులైలో జపాన్ పోలీసులు ఇచ్చారు. ఆ ఫైళ్ళు దాచిపెట్టుకున్నోళ్ళకి తిరిగొచ్చినాయి, ఫార్మాట్ కొట్టినోళ్ళకి ఏం మిగిలింది?

కావలి తమ్ముడూ, క్రాక్ ద్వారా రావడం, 980, 490, రీడ్‌మీ, ఇవన్నీ స్టాప్ డీజేవీయూ అనే రకం గుర్తులు. ఐడీ రాన్సమ్‌వేర్ అనే సైటులో వేరే సిస్టం నుంచి ఆ రీడ్‌మీ, ఒక లాక్ అయిన ఫైలు పెట్టి ముందు ఖాయం చేసుకో. అదే అయితే రీడ్‌మీ చివర ఉండే పర్సనల్ ఐడీ చూడు. చివర టీ1 అని ఉంటే ఆఫ్‌లైన్ కీ, అంటే అదే రకం పడిన చాలామందికి ఒకే తాళం, ఆ కీ దొరికుంటే ఎమ్సిసాఫ్ట్ ఫ్రీ టూల్‌తో తెరుచుకుంటాయి. టీ1 లేకపోతే నీకొక్కడికే వేసిన తాళం, ఇప్పటికైతే తెరవలేం.

కానీ నీకు ఇంకో దారి ఉంది. ఈ డీజేవీయూ ఫైలు మొత్తాన్ని లాక్ చేయదు, మొదటి 150 కేబీ మాత్రమే చేస్తది. నాలుగు జీబీ పెళ్ళి వీడియోలో అది ఎంత చెప్పు! డిస్క్‌ట్యూనా వాళ్ళ మీడియా రిపేర్ అని ఫ్రీ టూల్ ఉంది, అదే కెమెరాలో అదే సెట్టింగ్‌తో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే ఎంపీ4లు చాలావరకు లేపొచ్చు. ఫొటోలు కష్టం, చిన్న ఫైళ్ళు కదా. వాటికి కెమెరా కార్డులు చూడు. ఆ పెళ్ళిళ్ళు తీసిన మెమరీ కార్డుల్లో మళ్ళీ షూట్ చేయొద్దు, ఒక్క ఫొటో కూడా. డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ చేసినా పైన కొత్తవి రాయకపోతే ఫొటోరెక్ లాంటి రికవరీ టూల్‌తో లాగొచ్చు.

చీమకుర్తి అకౌంట్స్

ఇన్ని తిప్పలు పడేకంటే డబ్బులు కట్టేస్తే పోలా? క్వారీ ఆఫీసుల్లో ట్యాలీ డేటా పోతే జీఎస్టీ రిటర్న్ ఎట్టా వేస్తాం, పార్టీల బాకీలు ఎట్టా తేలతాయి. వ్యాపారం ఆగిపోయే నష్టంతో పోలిస్తే నలభై వేలు ఎక్కువేం కాదు. అది తప్పనేవాళ్ళు ఆ రోజు మా కుర్చీలో కూర్చోవాలి.

వేదాయపాళెం వాసి

మీ బాధ అర్థమైంది సార్, కానీ కట్టినాక కీ వస్తదని గ్యారంటీ ఎవరిస్తారు? అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అనే ఇంధనం సరఫరా చేసే కంపెనీ వాళ్ళు 2021 మేలో 75 బిట్‌కాయిన్లు కట్టారు, ఇచ్చిన టూల్ ఎంత నిదానం అంటే చివరికి వాళ్ళ సొంత బ్యాకప్‌ల మీదే పనిచేసుకున్నారు. ఇంకొకటి, ట్యాలీ కోసం ఇంటినుంచి కనెక్ట్ అవ్వాలని రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు బయటికి తెరిచి, పాస్‌వర్డ్ కంపెనీ పేరే పెట్టే ఆఫీసులు మన వైపు చాలా ఉండాయి. ఫోబోస్, ధర్మ లాంటి రాన్సమ్‌వేర్‌లు వచ్చేదే ఆ దారిన. డబ్బులు కట్టి ఆ తలుపు అట్టే ఉంచితే ఇంకొకడు వస్తాడు.

ఒంగోలు సర్వీస్

సరే, లాక్ అయిన ఫైళ్ళు దాచాలంటావు, ఒప్పుకుంటా. కానీ దాచేదెక్కడ? రెండు టీబీ డేటాకి ఇంకో డిస్క్ కావాలి, కస్టమర్ 500 ఇచ్చి సాయంత్రానికి కావాలంటాడు. దాచినాక అయినా ఆ పాత డిస్క్ ఫార్మాట్ చేయాలా వద్దా? నేను అడిగేది అది.

వేదాయపాళెం వాసి

చేయాలి అన్నా, పూర్తిగా చేయాలి, అందులో నీతోనే ఉన్నా. నా గొడవంతా ముందా వెనకా అనే దాని మీదే. ఈ డీజేవీయూ హోస్ట్స్ ఫైలు మార్చి యాంటీవైరస్ సైట్లు తెరుచుకోకుండా చేస్తది, షెడ్యూల్డ్ టాస్క్ పెట్టుకుని మళ్ళీ మళ్ళీ లేస్తది, కొత్తగా కాపీ చేసినవి కూడా లాక్ చేస్తది. దాంతోపాటు అజోరల్ట్ లాంటి పాస్‌వర్డ్ దొంగల్ని కూడా దించుతది. క్రోమ్‌లో సేవ్ చేసిన జీమెయిల్, బ్యాంకు, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు పోయినట్టే అనుకోవాలి. అవి ఫార్మాట్‌తో వెనక్కి రావు, వేరే ఫోన్ నుంచి మార్చాల్సిందే. అందుకే క్లీన్ చేసి వాడుకుందాం అనే బావ మాట వినొద్దు.

డీటీపీ అన్నకి కూడా ఒక మాట. విండోస్ 7కి 2020 జనవరితో అప్‌డేట్లు ఆగిపోయినాయి. 2017 మేలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు దాన్ని ఆపే ప్యాచ్, అంటే అప్‌డేట్, మార్చిలోనే ఉంది, వేయనోళ్ళవే పోయినాయి, మన ఆంధ్రా పోలీసు కంప్యూటర్లకే తగిలింది. పేజ్‌మేకర్ సిస్టం ఉంచుకో, నెట్ పీకేయి, ఇప్పుడు బాగున్నప్పుడే డిస్క్ మొత్తం ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, తీసి పెట్టుకో. రేపు ఏదైనా అయితే గంటలో అదే సెటప్ మళ్ళీ దించుకోవచ్చు.

ట్రంకురోడ్డు డీటీపీ

ఇమేజ్ తీయొచ్చని తెలుసు గానీ ఇంతవరకు ఎవురూ చేసివ్వలా. ఆదివారం షాపు మూసినాక చేయిస్తా.

కావలి స్టూడియో

ఐడీ చూసినా అన్నా. చివర టీ1 లేదు. కార్డుల్లో ఒకటి నిన్ననే సీమంతం షూట్‌కి వాడేశాం, ఇంకొకటి మాత్రం అట్టే ఉండాది, తీసి పక్కన పెట్టినా. డిస్క్ ఊడదీసి దాచిపెట్టి, కొత్త డిస్క్‌లో విండోస్ వేయిస్తా. ఒంగోలన్నా, డిస్క్ నేనే కొనుక్కొస్తా, మెకానిక్ చార్జి ఎంతైనా ఇస్తా, వీడియోల రిపేరు మీ ముందు కూర్చుని చేసుకోనిస్తారా?

ఒంగోలు సర్వీస్

రా తమ్ముడూ. వచ్చేటప్పుడు ఆ కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి తెచ్చుకో, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ కూడా పెట్టిరా.