‘కండలు తిరిగిన’, ‘నీరెండ’: 1950ల దేహదారుఢ్య ఫొటోల అనువాదంలో

ప్రశ్న: 1950లలో కాలిఫోర్నియా బీచుల్లో, కొలరాడో కొండల్లో తీసిన దేహదారుఢ్య ఫొటోల మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘మస్క్యులర్’కి ‘కండలు తిరిగిన’, ‘సైడ్ లైట్’కి ‘నీరెండ’ అని రాశాను. సరేనా?

జవాబు: మొదటిది బంగారంలాంటి మాటండీ, మార్చకండి. ‘కండపట్టిన’ అంటే ఒళ్ళు చేశాడని మాత్రమే. ‘తిరిగిన’ అంటే కండకీ కండకీ నడుమ గీత కనబడుతోందని. బ్రూస్ ఆఫ్ లాస్ ఏంజిలిస్‌గా పేరుపడ్డ బ్రూస్ బెల్లాస్ అయినా, డెన్వర్‌లో వెస్టర్న్ ఫొటోగ్రఫీ గిల్డ్ నడిపిన డాన్ విట్‌మన్ అయినా, వాళ్ళ ఫొటోలకు ఆ గీతే ప్రాణం.

నీరెండ మాత్రం వద్దు. అది వాడి తగ్గిన ఎండ. నీడ పలచనై గీత చెరిగిపోతుంది. ఇక్కడ కావలసింది వాడి ఉండి, పక్కనుంచి వాలే ఎండ. ‘ఏటవాలు ఎండ’ అనండి. సూర్యుడు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో, మనిషికి ఓ పక్కగా ఉండాలి. నడినెత్తిన ఉంటే కళ్ళు నల్లటి గుంటలవుతాయి, ఛాతీ నీడ పడి పొట్టమీది కండలు కలిసిపోతాయి.

ఇంకొకరు: ‘ఎదురెండ’తోనూ జాగ్రత్త మాస్టారూ. ఎవరికి ఎదురు? నిలబడ్డవాడికి ఎదురైతే ఒళ్ళు చదునుగా పడుతుంది, కళ్ళు చికిలిస్తాడు. కెమెరాకి ఎదురైతే అంచు మెరిసి, లోపలంతా నల్లబడుతుంది. రెండూ వేరు.

అలాగే ఫిల్టర్ రంగు తప్పు రాస్తే అర్థమే తిరగబడుతుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి ఎర్ర ఫిల్టర్ వేస్తే ఆకాశం నల్లబడుతుంది గానీ చర్మం సున్నం కొట్టినట్టయి పెదవులు మాయమవుతాయి. పసుపు-ఆకుపచ్చ వేస్తే ఆకాశం కాస్త ముదురుతుంది, చర్మం రంగూ నిలుస్తుంది. ఈ ఫిల్టర్‌కి వెలుతురు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) ఎక్కువ ఇవ్వాలి: 100 ఏఎస్ఏ వేగమున్న ఫిల్ముకి మంచి ఎండలో సెకనులో 100వ వంతు, లెన్సు రంధ్రం ఎఫ్16 అయితే ఫిల్టర్‌తో ఎఫ్8 (అంకె తగ్గితే రంధ్రం పెద్దది). తెల్లటి ఇసుక వెలుతుర్ని తిప్పికొడుతుంది కనుక, దాని మీద ఫిల్టర్‌తో ఎఫ్11 చాలు.

జవాబు: ‘నూనె రాసుకుని’ అని ఉందా? ‘నూనె పట్టించి తుడిచి’ అనండి. తుడవకపోతే మెరుపు మచ్చలు పడతాయి. నెగెటివ్‌లో అక్కడ వివరం ఉండదు కనుక ప్రింటులో ఎంత ముదురు చేసినా బూడిద మరకే. పైగా ఇసుక అంటుకుంటుంది.

ప్రశ్న: ‘పోజింగ్ స్ట్రాప్’?

ఇంకొకరు: ‘గోచీ’. పొరపాటున కూడా ‘నగ్నంగా’ అని రాయకండి. బాబ్ మైజర్ 1951లో మొదలుపెట్టిన ‘ఫిజీక్ పిక్టోరియల్’ లాంటి పత్రికలు టపాలో వెళ్ళేవి. గోచీ లేని ఫొటో పంపితే కేసు. 1962లో మాన్యువల్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో అలాంటి పత్రికలు అశ్లీలం కావని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు సంగతి వ్యాసంలో ఉంటే, అంతకుముందు పేరాల్లో ‘అర్ధనగ్న’ అన్న మాట కూడా తీసేయండి, లేకపోతే రెండూ పొసగనట్టు కనిపిస్తాయి.